ఇంటికి తగిన కుక్క

కుక్కను తెచ్చుకొనుట ఒక పూట పని. దానిని పెంచుట పదిపండ్రెండేండ్ల పని. ఈ భేదమును గుర్తింపనివారు పెక్కుమంది కలరు. బొమ్మవలె ముద్దుగా నున్న పిల్లను చూచి, వెల చెల్లించి, ఒడిలో పెట్టుకొని యింటికి తెత్తురు. ఆరు మాసములు గడచునప్పటికి ఆ పిల్ల ఏపుగా ఎదుగును, చెప్పులను కొరుకును, రాత్రులందు మొరుగును, వీధిలోనికి పోవలెనని గొలుసును లాగును. అప్పుడు ఇంటివారికి విసుగు పుట్టును. కొందరు దానిని మేడమీద ఎండలో కట్టివేయుదురు. మరికొందరు ఊరిబయట విడిచివత్తురు. తప్పు కుక్కది కాదు, ఎన్నుకొన్నవారిది. ఏ యింటికి ఏ కుక్క తగునో ముందుగా ఆలోచించినచో ఇట్టి దుఃఖము చాలవరకు తప్పును.

కుక్కలన్నియు ప్రాచీనకాలపు తోడేళ్ల సంతతివే. పదునైదువేల సంవత్సరములకు పూర్వమే అవి మానవుని చెంత చేరినవి. అటుపిమ్మట మానవుడు తన అవసరములను బట్టి వానిని మలచుకొనెను. వేగముగా పరుగెత్తువానిని వేటకును, మందను విడువనివానిని గొఱ్ఱెల కావలికిని, బలమైనవానిని బండ్లు లాగుటకును ఎన్నుకొని, తరతరములుగా వాని సంతతిని పెంచుచు వచ్చెను. ఈ విధముగా నేడు మనము చూచు వందలకొలది జాతులు ఏర్పడినవి. కావున కుక్కను ఎన్నుకొనువాడు ‘ఇది అందముగా నున్నదా?’ అని కాక, ‘ఇది ఏ దేశములో, ఏ పని కొరకు పెరిగినది?’ అని మొదట ప్రశ్నించుకొనవలయును.

మొట్టమొదట విచారింపవలసినది వాతావరణము. సైబీరియా ఈశాన్యభాగమున చుక్చీలను జనులు మంచుబండ్లు లాగుటకై పెంచిన కుక్క హస్కీ. దాని ఒంటిపై రెండు పొరల రోమములుండును. లోపలి పొర ఉన్నివలె మెత్తగా నుండి, ఎముకలు కొరుకు చలినుండి దానిని కాపాడును. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణమున గొంతువాపు వ్యాధి వ్యాపింపగా, మంచుతుపానులో వందలమైళ్లు మందును చేర్చినవి ఇట్టి కుక్కలే. అట్లే స్విట్జర్లాండు, ఇటలీ దేశముల నడుమనున్న ఆల్ప్స్ కనుమలో సన్యాసులు సెయింట్ బెర్నార్డు కుక్కలను పెంచి, మంచులో దారి తప్పిన బాటసారులను కాపాడుచుండిరి. వానిలో బారీ అను కుక్క నలువదిమందికి పైగా రక్షించెనని ప్రతీతి. ఇవి మెచ్చదగిన ప్రాణులే. కాని మంచులో మేలు చేయు ఆ ఉన్ని కోటును మే మాసమున రెంటచింతలలోనో, రామగుండములోనో తొడిగించినచో ఏమగును?

ఈ ప్రశ్నకు సమాధానము కుక్క శరీరధర్మములో నున్నది. మనకు ఒడలెల్ల చెమట పట్టును; ఆ చెమట ఆరునపుడు శరీరము చల్లబడును. కుక్కకు పాదముల అడుగుభాగమున తప్ప చెమట దాదాపుగా పట్టదు. అది నాలుక చాచి రొప్పుచు, నోటిలోని తేమను ఆవిరిగా మార్చి వేడిని బయటికి పంపును. బయటిగాలియే నిప్పులవలె నున్నప్పుడు ఈ ఉపాయము చాలదు. హస్కీని తెచ్చి పగలెల్ల చల్లగాలి యంత్రము నడిపించువారు కలరు. కాని విద్యుచ్ఛక్తి ఆగిపోయిన మధ్యాహ్నమున ఆ కుక్క గతి యేమి?

రోమములు పొట్టిగా నున్నంత మాత్రమున కుక్క ఎండకు తట్టుకొనునని భావింపరాదు. చైనా రాజాంతఃపురములలో ఒడిలో పెట్టుకొని లాలించుటకై పెంచిన పగ్ అను కుక్క రోమములు పొట్టివే. కాని దాని ముక్కు లోనికి నొక్కినట్లుండును, శ్వాసమార్గము ఇరుకు. రొప్పి చల్లబడవలసిన ప్రాణికి ఊపిరి పీల్చుటయే కష్టమైనపుడు వడదెబ్బ సులభముగా తగులును. 2003 ప్రాంతమున ఒక టెలిఫోను సంస్థ ప్రకటనలలో కనిపించిన పిమ్మట ఈ కుక్కకు మనదేశమున గొప్ప గిరాకి ఏర్పడెను. దానిని కొన్నవారు ముఖమును చూచిరేకాని, ఊపిరిని చూడలేదు.

రెండవది, పని. జాతి మారినను పనిమీద మనసు మారదు. జర్మన్ షెపర్డును 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అను సైనికోద్యోగి గొఱ్ఱెలమందలను కాచు కుక్కలనుండి రూపొందించెను. దినమంతయు మంద చుట్టు తిరుగవలసిన ఆ బుద్ధిశాలిని రెండు గదుల యింటిలో ఊరక కూర్చుండబెట్టినచో, అది తలుపులు గీకును, అలికిడి యగుటయే తడవుగా మొరుగును. లాబ్రడారు పూర్వీకులు న్యూఫౌండ్లాండు తీరమున జాలరులకు వలలు లాగి, జారిన చేపలను పట్టి తెచ్చుచుండెడివి. అందుచేతనే నేటికిని అది విసిరిన వస్తువును తెచ్చి యిచ్చుటకు ఉబలాటపడును. నీరు కనబడిన దుముకును. దానికి తిండిపై ఆశ మెండు. వ్యాయామము లేనిచో బరువెక్కి కీళ్లనొప్పులతో బాధపడును. పొడవైన వీపు, కురుచ కాళ్లుగల డాక్స్‌హుండు నేలబొరియలలో దూరి వేటాడుటకై పుట్టినది. మాటిమాటికి మెట్లెక్కి దిగుటవలన దాని వెన్నెముక దెబ్బతినవచ్చును. మూడంతస్తుల మేడలో నివసించువారు ఈ విషయమును గుర్తుంచుకొనవలయును.

పరదేశపు కుక్కల పేర్లు తెలిసిన మనవారిలో స్వదేశపు జాతుల పేర్లు తెలిసినవారు అరుదు. కర్ణాటకమున బాగల్‌కోట జిల్లాలోని ముధోల్ పట్టణము పేర ప్రసిద్ధమైన వేటకుక్క సన్నని నడుము, పొడవైన కాళ్లు కలిగి వాయువేగమున పరుగెత్తును. తమిళనాటి చిప్పిపారై కుక్కయు అట్టిదే. రాజపాళయము కుక్క తెల్లని మేనితో, గులాబిరంగు ముక్కుతో గంభీరముగా నుండి, తోటలకును పొలములకును కావలి కాయును. ఆ ఊర తెలుగు మాతృభాషగాగల రాజుల కుటుంబములు నేటికిని కలవు. 2005లో మన తపాలాశాఖ నాలుగు భారతీయ జాతులకు తపాలాబిళ్లలు వెలువరింపగా ముధోల్, రాజపాళయము జాతులు అందు చోటుచేసుకొన్నవి. ఇవి మన ఎండలకు అలవాటుపడినవి. అయినను అందరికిని తగినవని చెప్పరాదు. పరుగే ప్రాణమైన ముధోల్ కుక్కను గొలుసుకు కట్టియుంచుట చేపను గట్టుమీద పెట్టినట్లే. రాజపాళయము పిల్లలలో కొన్ని పుట్టుచెవిటివి. కొనునపుడు పిల్ల వెనుక నిలిచి చప్పట్లు చరచి, అది తిరిగి చూచునో లేదో పరీక్షింపవలయును.

మన తెలుగునాటనే జోనంగి అను జాతి కలదు. కొల్లేటి పరిసరములందు బాతులను మేపువారికి అది తోడుగా నుండెడిది. పొట్టి రోమములు, ముడుతలు పడిన నుదురు, నిక్కిన చెవులు దాని గుర్తులు. నేలను గుంటగా త్రవ్వి అందు పరుండుట దాని అలవాటు. చేపల చెరువులు విస్తరించి, బాతుల మందలు తగ్గుటతో ఈ కుక్కకు పని పోయెను. పనితోపాటు సంఖ్యయు తగ్గెను. ఒక జాతి నిలుచుటకు మనుష్యుని అవసరమే ఆధారమని దీనివలన తెలియుచున్నది.

ఇక గ్రామసింహమని మనము వేళాకోళముగా పిలుచు ఊరకుక్క మాట. దానికి వంశావళి పత్రము లేదు, వెల లేదు. కాని ఈ నేలపై వేలయేండ్లుగా ఎండకును వానకును తట్టుకొని నిలిచినది. ఒక్క జాతిలోనే మరల మరల సంతతిని పెంచుటవలన కలుగు రోగములు దానికి అరుదు. చిన్ననాటనే చేరదీసి మన్ననతో పెంచినచో దానికి మించిన ఇంటికావలి లేదు. తెలుగునాట పెక్కు కుటుంబములకు ఇదియే తగిన కుక్క.

ఒక హెచ్చరిక అవసరము. జాతి తెలిసినంత మాత్రమున స్వభావమంతయు తెలిసినట్లు కాదు. 2022లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో పదునెనిమిదివేలకు పైగా కుక్కల నడవడిని గూర్చి వాని యజమానులను ప్రశ్నించిరి. కుక్కకును కుక్కకును నడుమగల స్వభావభేదములలో జాతివలన కలుగునవి నూటికి 9 పాళ్లు మాత్రమేనని తేలినది. తక్కినది పెంపకము, వయస్సు, ఆ కుక్క సొంత గుణము. రోమము, ముక్కు, శరీరబలము జాతిని బట్టి చెప్పవచ్చును. నెమ్మదితనమును మాత్రము ఆ కుక్కనే చూచి తెలిసికొనవలయును. జాతిపేరొక్కటే నమ్ముట కుక్కతోక పట్టి గోదావరి ఈదుటవంటిది.

కుక్కను గూర్చి ఇంత తెలిసికొన్న పిమ్మట మన యింటిని గూర్చియు తెలిసికొనవలయును. ఉదయము, సాయంకాలము దానిని త్రిప్పువారెవరు? పగలెల్ల ఇల్లు తాళము వేసియుండునా? ఇంటిలో పసిపిల్లలు, వృద్ధులు కలరా? తిండికి, టీకాలకు, వైద్యమునకు నెలనెలయు వ్యయము భరింపగలమా? పండుగకు ఊరు వెళ్లినచో దానిని చూచువారెవరు? ఈ ప్రశ్నలకు ఇంటిల్లిపాదియు కూర్చుండి సమాధానము చెప్పుకొనవలయును.

పట్టణమున మూడవ అంతస్తులో ఒంటరిగా నున్న వృద్ధదంపతులను తలచుకొందము. గొలుసు లాగి పడవేయగల పెద్దకుక్క వారికి తగదు. నిమిషము నిలువని పిల్లయు తగదు. వయస్సు వచ్చి నెమ్మదించిన మధ్యరకపు కుక్క వారికి మంచి తోడు. కొబ్బరితోటలో నివసించు రైతునకు ఆరుబయట తిరుగగల రాజపాళయము కుక్కయో, ఊరకుక్కయో తగును. బడికిపోవు పిల్లలుగల యింటికి లాబ్రడారు ఇంపైనదే. కాని దినమునకు రెండుమారులు త్రిప్పు ఓపిక, రాలిన రోమములు ఊడ్చు ఓపిక ఆ యింట నుండవలయును. ఎంత సాధువైన కుక్కతోనైనను పసిపిల్లలను ఒంటరిగా విడువరాదు. తల్లిదండ్రులిరువురు ఉద్యోగములకు పోయి, పది గంటలు తాళము వేసి యుండు ఇంటికి ఏ కుక్క తగునని అడిగినచో, ఇప్పటికి ఏ కుక్కయు తగదనియే సమాధానము. అట్లు చెప్పుకొనగలుగుటయు ఎన్నికలో భాగమే.

పిల్లను తెచ్చువారు అది ఎనిమిది వారములు నిండువరకు తల్లివద్దనే యుండనీయవలయును. తల్లిని, అవి పెరుగుచున్న చోటును కన్నులార చూడవలయును. వెంటనే పశువైద్యునికి చూపి, ఆయన చెప్పిన కాలమున టీకాలు వేయింపవలయును. అన్నిటికంటె ముఖ్యమైనది రేబిస్ టీకా. మూడు నెలల ప్రాయమున దానిని వేయించి, గడువు తప్పక మరల వేయించుచుండవలయును. రేబిస్ లక్షణములు బయటపడిన పిమ్మట ప్రాణము దక్కుట దుర్లభము. ఏ కుక్క కరచినను గాయమును సబ్బుతో, ధారగా పారు నీటిలో పదునైదు నిమిషములు కడిగి, ఆలసింపక వైద్యుని చేరవలయును. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్టు కుక్కకు విషతుల్యములని ఇంటిలోని పిల్లలు తెలిసికొనవలయును.

పెంచిన ప్రాణిని ఆకలిదప్పులకు గురియగునట్లు విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. చట్టమునకు ముందే ధర్మము ఈ మాట చెప్పినది. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట కడవరకు నడచినది ఒక కుక్క. దానిని విడిచి రథమెక్కుమని ఇంద్రుడు కోరగా, ఆశ్రయించినదానిని విడిచి వచ్చు స్వర్గము తనకు వలదనెను. ఆ కుక్కను ఆయన ఎన్నుకొనలేదు. అది ఆయనను వెంబడించినది. మనమన్ననో కోరి, వెదకి, ఎన్నుకొని తెచ్చుకొందుము. కావున మన బాధ్యత మరింత పెద్దది. కడవరకు మనతో నడువగల కుక్కను, కడవరకు మనము నడిపింపగల కుక్కను ఎన్నుకొనుటయే సరియైన ఎన్నిక.