కొలెస్ట్రాల్ నార్మలే... మరి మాత్ర ఎందుకు?

"ఒరేయ్, కొలెస్ట్రాల్ బాగానే ఉందిగా, డాక్టరు కొత్తగా ఈ మాత్ర ఎందుకు రాసినట్టు?" అంటూ నాన్న ఫోన్ చేశారు. వాట్సాప్‌లో రిపోర్టు పంపారు. మొత్తం కొలెస్ట్రాల్ 180. చెడు కొలెస్ట్రాల్ అని చెప్పే ఎల్‌డీఎల్ 96. రెండూ హద్దులోనే ఉన్నాయి. రోజంతా కోడ్‌లో తప్పులు వెతికేవాణ్ని, ఇదేం పెద్ద లెక్క అనుకున్నా. "అక్కర్లేదులే నాన్నా" అనేశాను. ఆయన ఆ స్టాటిన్ మాత్ర వేసుకోనే లేదు.

నాన్నకు 58 ఏళ్లు. షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. క్రియాటినిన్ 1.9, కిడ్నీల వడపోతను చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 40. మూడు నెలల తర్వాత చెకప్‌కి నేనే తీసుకెళ్లాను. సంగతి విన్న కిడ్నీ డాక్టరు, "నేను ఆ మాత్ర రాసింది ఎల్‌డీఎల్ చూసి కాదు బాబూ, కిడ్నీలు చూసి" అన్నారు.

ఆయన చెప్పాక అర్థమైంది. కిడ్నీల పనితీరు తగ్గితే, రక్తంలోని ట్రైగ్లిజరైడ్లను విడగొట్టే ఎంజైమ్ కూడా మందగిస్తుంది. దాంతో ఆ కొవ్వు పేరుకుంటుంది. మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ తగ్గుతుంది. ఎల్‌డీఎల్ అంకె మామూలుగానే ఉన్నా, అందులో చిన్న, చిక్కటి రేణువులు ఎక్కువవుతాయి. రక్తనాళాల గోడల్లోకి సులువుగా చొరబడేవి అవే. రిపోర్టు మళ్లీ తీశాను. ట్రైగ్లిజరైడ్లు 260, హెచ్‌డీఎల్ 32. ఆ రెండు లైన్లూ నేను చూడనే లేదు!

కిడ్నీ జబ్బున్న చాలామందిని డయాలసిస్ కంటే ముందే గుండె జబ్బు దెబ్బతీస్తుంది. 2011లో వచ్చిన 'షార్ప్' అధ్యయనంలో 9 వేలకు పైగా కిడ్నీ రోగులు పాల్గొన్నారు. సిమ్వాస్టాటిన్, ఎజెటిమైబ్ కలిపి ఇచ్చినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటి ముప్పులు సుమారు 17 శాతం తగ్గాయి. 50 ఏళ్లు దాటి, డయాలసిస్ దాకా వెళ్లని కిడ్నీ రోగులకు ఎల్‌డీఎల్ అంకెతో పనిలేకుండా స్టాటిన్ ఇవ్వాలని 2013లో అంతర్జాతీయ సంస్థ కేడిగో సూచించింది. డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా ఇస్తే మాత్రం పెద్దగా ఫలితం కనిపించలేదు. అంటే దీనికీ ఓ సమయం ఉంది. అందులో మూడు నెలలు నేనే పోగొట్టాను.

ఇప్పుడు నాన్న రాత్రి భోజనం కాగానే మాత్ర వేసుకుంటున్నారు. రిపోర్టులు ఇంకా నాకే పంపుతున్నారు. నా జవాబే మారింది: "డాక్టరుగారిని అడుగుదాం నాన్నా!"