ఐదేళ్లు దాగి ఉన్న ఎబోలా

2021 ఫిబ్రవరిలో పశ్చిమాఫ్రికా దేశం గినీలో ఎబోలా మళ్లీ బయటపడింది. గ్వేకే అనే ఊళ్లో చనిపోయిన ఓ నర్సు అంత్యక్రియలకు వెళ్లినవాళ్లు జబ్బుపడ్డారు. ఎబోలా అనగానే అందరి అనుమానం అడవి గబ్బిలాల మీదికే పోతుంది. రోగుల నమూనాల్లో వైరస్ జన్యుక్రమం చదివాక ఆ అనుమానం నిలవలేదు.

ఎబోలా జన్యుక్రమంలో సుమారు 19 వేల అక్షరాలుంటాయి. వైరస్ నకళ్లు తీసుకునేటప్పుడు అక్కడక్కడా ఒక అక్షరం తప్పుపడుతుంది, ఆ తప్పు దాని సంతతికీ వస్తుంది. ప్రాక్టికల్ రికార్డులు దిద్దే జంతుశాస్త్రం లెక్చరర్‌గా నాకిది బాగా తెలిసిన సంగతి. గుండె బొమ్మలో ఒకే పేరు ఒకేలా తప్పుగా ఆరు రికార్డుల్లో కనిపిస్తే, ఆ ఆరూ ఒక్క చోటినుంచి దించినవే. పైగా వైరస్ తప్పులు కొంచెం అటూ ఇటూగా ఒకే వేగంతో పోగవుతాయి. మనుషుల మధ్య తిరిగే ఎబోలాలో ఏడాదికి సుమారు ఇరవై. వాటిని లెక్కపెడితే కాలమూ తెలుస్తుంది.

పోల్చి చూడడానికి పాత జన్యుక్రమాలు సిద్ధంగా ఉన్నాయి. 2013 చివర గినీలోనే మెలియాండూ అనే పల్లెలో మొదలై, 11 వేల మందికి పైగా ప్రాణాలు తీసిన మహమ్మారి కాలంనాటివవి. సియెరా లియోన్‌లోని కెనెమా ఆసుపత్రి రోగులు 78 మంది నుంచి తీసిన 99 జన్యుక్రమాలు 2014 ఆగస్టులో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. వైరస్ జంతువు నుంచి మనిషికి దాటింది ఒక్కసారేననీ, తర్వాతదంతా మనుషుల మధ్య పాకిందేననీ అవి చూపించాయి. ఆ వ్యాసకర్తల్లో ఐదుగురు అది అచ్చయ్యేలోపే ఎబోలాతో చనిపోయారు. వారిలో ఒకరు డాక్టర్ షేక్ హుమర్ ఖాన్. ఆయన పేరు చెప్పకుండా నేను ఈ పాఠం మొదలుపెట్టను.

2021 వైరస్‌లో ఆ పాత మహమ్మారికి మాత్రమే చెందిన తప్పులున్నాయి. గబ్బిలాల నుంచి కొత్తగా వచ్చిందైతే అవి ఉండవు. పోనీ, ఐదేళ్లుగా గుట్టుగా ఒకరినుంచి ఒకరికి అంటుతూ వచ్చిందా అంటే, వందకు పైగా కొత్త తప్పులు కనిపించాలి. కనిపించినవి డజను లెక్కలోనే. అంటే, అప్పట్లో కోలుకున్న ఎవరి ఒంట్లోనో అది దాదాపు కదలిక లేకుండా ఉండిపోయి మళ్లీ లేచింది. కోలుకున్న మగవాళ్ల వీర్యంలో వైరస్ 500 రోజులకు పైగా నిలవడం అంతకుముందే చూశారు. ఐదేళ్లంటే పరిశోధకులే విస్తుపోయారు.

ఇది వినగానే కోలుకున్నవాళ్లను దూరం పెట్టాలనే మాట వస్తుంది. ఆ మాటను నేను ఒప్పుకోను. తమ ఒంట్లో అది ఉందని వాళ్లకే తెలియదు, ఇలా తిరగబెట్టడమూ అరుదు. చావు అంచుదాకా వెళ్లొచ్చినవాళ్లకు ఏళ్ల తరబడి పరీక్షలు, వైద్యం ఉచితంగా అందాలి. వాళ్ల ఇంటివాళ్లకు టీకా వేయాలి. పాత మహమ్మారి రోజుల్లో ఇంకా ప్రయోగదశలో ఉన్న ఆ టీకా 2021 నాటికి చేతికొచ్చింది. ఫిబ్రవరి 23న గినీలో రోగులతో మెలిగినవాళ్లకు వేయడం మొదలుపెట్టారు. జూన్ 19న వ్యాప్తి ముగిసిందని ప్రకటించారు. ఈసారి చనిపోయినవారు 12 మంది.