రెండు లైట్లూ ఒకేసారి ఎందుకు ఆరిపోతాయి?

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. ఆ వేగంలో రెండు హెడ్‌లైట్లూ ఉన్నట్టుండి ఆరిపోతే, డ్రైవరు తేరుకుని బ్రేకు తొక్కేలోపే కారు అంత దూరమూ కటిక చీకట్లో పోతుంది. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా బల్బును అనుమానిస్తారు. అది తప్పు అనుమానమని నా వాదన. రెండు బల్బులు ఒకే క్షణంలో మాడిపోవడం చాలా అరుదు. రెండూ కలిసి ఆరాయంటే లోపం సాధారణంగా ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో, అంటే స్విచ్‌లోనో రిలేలోనో ఎర్త్ వైరులోనో ఉంటుంది. నూరేళ్లకు పైబడిన హెడ్‌లైటు చరిత్రలో బల్బుకు జరిగిన సేవ ఈ దారికి జరగలేదు.

తొలినాటి కార్లకు ఎసిటిలీన్ దీపాలుండేవి. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడుతుంటారే, ఆ కార్బైడ్ మీద నీటిచుక్కలు పడితే పుట్టే వాయువే వాటికి ఇంధనం. కొన్ని కార్లలో దేని గ్యాసు దానికే తయారయ్యేది. ఒకటి ఆరినా రెండోది వెలిగేది. 1898లో అమెరికాలో కొలంబియా ఎలక్ట్రిక్ కార్లకు కరెంటు దీపాలు వచ్చాయి గాని, ఆనాటి ఫిలమెంట్లు రోడ్డు కుదుపులకు తట్టుకోలేదు. 1912 నాటి కాడిలాక్ కారులో ఇంజినీరు చార్లెస్ కెటరింగ్ బృందం స్టార్టరును, ఇగ్నిషన్‌ను, దీపాలను ఒకే విద్యుత్ వ్యవస్థలో కలిపింది. అది గొప్ప ముందడుగే. అయితే కారు దీపాల బాగోగులన్నీ ఒకే బ్యాటరీకి, ఒకే వైరింగుకు ముడిపడిపోయింది కూడా అప్పుడే.

ఆ తర్వాత కృషి అంతా బల్బు చుట్టూనే తిరిగింది. వేడెక్కిన ఫిలమెంటు నుంచి టంగ్‌స్టన్ కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. ఎక్కడ సన్నబడితే అక్కడ ఇంకా వేడెక్కి, ఇంకా వేగంగా అరిగి, చివరకు అక్కడే తెగుతుంది. 1940 నుంచి అమెరికా కార్లలో బల్బు, అద్దం, లెన్సు ఒకే ముద్దగా మూసిన సీల్డ్ బీమ్ దీపాలు వచ్చాయి. 1962లో యూరప్‌లో హాలోజన్ బల్బు వచ్చింది. ఆవిరైన టంగ్‌స్టన్‌ను హాలోజన్ వాయువు తిరిగి ఫిలమెంటు మీదికి చేరుస్తుంది, సరిగ్గా సన్నబడిన చోటుకే కాదు గనుక తెగడం తప్పదు. ఆ తెగడం తరచూ స్విచ్ వేసిన క్షణంలో జరుగుతుంది, ఎందుకంటే చల్లని ఫిలమెంటుకు నిరోధం తక్కువ, కరెంటు ఒక్కసారిగా దూసుకొస్తుంది. ఇంట్లో బల్బు స్విచ్ నొక్కగానే టప్పుమనేది ఇందుకే. కాబట్టి ప్రయాణం మధ్యలో జంటగా ఆరడానికి కారణం వేరేచోట వెతకాలి.

రెండు బల్బులూ నిజంగానే కలిసి పోయే సందర్భం ఒకటుంది కదా అనవచ్చు. ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ చెడి వోల్టేజి పెరిగితే అలా జరుగుతుంది. 5 శాతం పెరుగుదలకే బల్బు ఆయువు దాదాపు సగమవుతుంది. కానీ రెగ్యులేటర్ కూడా ఉమ్మడి భాగమే. ఇంకొక సందర్భం, ఒక లైటు ఎప్పుడో పోయినా డ్రైవరు గమనించకపోవడం. రెండోది పోయిన రాత్రి రెండూ ఒకేసారి పోయినట్టు అనిపిస్తుంది. ఎడమకు, కుడికి వేరువేరు ఫ్యూజులున్న కార్లు ఎన్నో ఉన్నాయనే అభ్యంతరమూ నిజమే. అయితే ఆ ఫ్యూజుల దాకా కరెంటు తెచ్చే స్విచ్, రిలే తరచూ ఒకటే. అక్కడ కనెక్షను కాస్త వదులైతే నిరోధం పెరిగి వేడి పుడుతుంది. ఆ వేడికి లోహం ఆక్సీకరణ చెంది నిరోధం మరింత పెరుగుతుంది. మన దగ్గర 60/55 వాట్ల బల్బు తీసి 100/90 పెట్టించుకునే అలవాటు ఈ ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే. 12 వోల్టుల లెక్కన హై బీమ్‌లో రెండు లైట్ల కరెంటు 10 ఆంపియర్ల నుంచి దాదాపు 17కు పెరుగుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, అవే వైర్లలో, అదే స్విచ్‌లో సుమారు 2.8 రెట్ల వేడి పుడుతుంది. వేరే రిలే, లావు వైరు వేయకుండా ఆ బల్బు బిగించడం వెలుగు పేరుతో చీకటిని ఆహ్వానించడమే.

పాత అమెరికన్ కార్లలో ఈ దారి గురించి ఆలోచించిన వారున్నారు. హెడ్‌లైటు స్విచ్‌లోనే వేడికి తెగి, చల్లారగానే మళ్లీ కలిసే సర్క్యూట్ బ్రేకర్ పెట్టారు. ఫ్యూజు పోతే అంతా చీకటి. బ్రేకరైతే లైట్లు ఆరి వెలుగుతూ కారును పక్కకు తీసుకునే అవకాశమిస్తాయి. ఈ ఒక్క నిర్ణయాన్ని నేను హాలోజన్‌తో సమానంగా గౌరవిస్తాను.

ఎల్‌ఈడీలు వచ్చాక ఈ బెడద తీరిందనే వారి మాట సగమే ఒప్పు. ఎల్‌ఈడీలో తెగడానికి ఫిలమెంటు లేదు. కానీ దాన్ని నడిపే డ్రైవర్ సర్క్యూటు, వేడిని బయటికి పంపే ఏర్పాటు, తేమను ఆపే సీలు, వీటన్నిటి మీదా ఆజ్ఞలిచ్చే కంట్రోల్ యూనిట్ ఉన్నాయి. అంటే ఉమ్మడి దారి పోలేదు, రూపం మార్చుకుంది. మేలైన మార్పూ ఒకటుంది: చాలా కార్లలో స్విచ్ నుంచి సంకేతం తెగిపోతే కంట్రోల్ యూనిట్ లైట్లను ఆర్పదు, డిమ్‌లో వెలిగించే ఉంచుతుంది. ఇదే పద్ధతి ఆ యూనిట్‌కు వచ్చే సరఫరాకూ, ఎర్త్‌కూ వర్తించి, ఎడమ లైటుకొక దారి, కుడి లైటుకొక దారి చివరంటా విడిగా ఉండాలి. అందుకు అదనంగా కావలసింది కాస్త వైరు, మరో కనెక్టరు.