వార్తల్లో పదం: డైవర్సిటీ గేమ్

కులం, ప్రాంతం, భాష, లింగం, వైకల్యం... ఇన్ని తేడాల మధ్య కలిసి పనిచేయడాన్ని ఉద్యోగులకు ఆటతో నేర్పేదే డైవర్సిటీ గేమ్. ఉపన్యాసం పెడితే ఫోన్లు చూసుకుంటారు. ఆట పెడితే పోట్లాడుకుంటారు. కావలసింది ఆ పోట్లాటే.

1970లో అమెరికాలో ‘బ్లాక్స్ అండ్ వైట్స్’ అనే బోర్డు ఆట వచ్చింది. తెల్లవాళ్లుగా ఆడేవారి చేతికి మొదట్లోనే 10 లక్షల డాలర్లు, నల్లవాళ్లకు 10 వేలు! అంతకంటే గడుసుది ‘బార్ంగా’. చెన్నైకి చెందిన శివశైలం త్యాగరాజన్ 1980లో లైబీరియాలో ఉండగా రూపొందించారు. ఇది పేకాట. ఒక్కో బల్ల దగ్గర నియమాలు కాస్త వేరు. ఆ సంగతి ఎవరికీ చెప్పరు. మాట్లాడటం నిషేధం. గెలిచినవాడు పక్క బల్లకు వెళ్తాడు, ముక్క వేస్తాడు, పట్టు తనదేనని చేయి చాపుతాడు. అవతలామె అడ్డు పెడుతుంది. దొంగాట ఆడుతున్నావన్న అనుమానం ఇద్దరి మొహాల్లోనూ!

ఆట అయ్యాక జరిపే చర్చే అసలు శిక్షణ. అది ఎగ్గొట్టి, జీతాల్లో వివక్ష అలాగే ఉంచితే ఉత్త కంటితుడుపే.

బల్లకో నియమం తెచ్చే ఈ తంటా కాకుమాను ఊళ్లో అరుగుల మీద అష్టాచెమ్మా ఆడినవారికి తెలిసిందే. ఒక ఇంట్లో ఎదుటి కాయను చంపితేగానీ లోపలి గడుల్లోకి పోనివ్వరు, మరో ఇంట్లో ఆ అడ్డే ఉండదు.