అప్పు తీర్చితే ఆట ఆగుతుందా?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



సంక్రాంతి వెళ్ళిన పదిరోజులకి, మా మండపేటలో మా వీధిలోనే వుండే ఒక ఇల్లాలు మధ్యాహ్నంవేళ మా ఇంటికి వచ్చింది. భర్త రైసుమిల్లులో గుమాస్తా. ఇద్దరు పిల్లలు. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, చేతిగాజులు రెండూ తీసి బల్లమీద పెట్టి, "అక్కయ్యగారూ, ఇవి మీ పేరున బ్యాంకులో పెట్టి డబ్బు తెచ్చిపెడతారా? నేను వెడితే మా అత్తగారికి తెలిసిపోతుందండీ" అంది.

సంగతేమిటంటే, పండగ మూడురోజులూ ఆయన కోడిపందేల బరి దగ్గరే వున్నారట. పందెంలో పోయినది గుండాటలో రాబట్టుకుందామని, గుండాటలో పోయినది పేకాటలో రాబట్టుకుందామని చూసి, చివరికి ప్రోనోటు రాసి ఇంటికి వచ్చారట. "ఈ ఒక్కసారికి తీర్చేస్తే ఇంక ముట్టుకోనని పిల్లలమీద ఒట్టేశారండీ" అంది. ఇది మూడో ఒట్టు. మొదటి ఒట్టుకి మెడలో గొలుసు వెళ్ళింది. రెండో ఒట్టుకి పుట్టింటివారిచ్చిన డబ్బు వెళ్ళింది.

ఆ గాజులు నేను తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో చెప్పాలనే ఈవేళ మీతో మాట్లాడుతున్నాను.

మనకి పదిహేను కోసుల దూరం కూడా లేని రాజమహేంద్రవరంలో కూర్చుని నన్నయగారు తెనిగించిన సభాపర్వం కథ మీకందరికీ తెలిసిందే. ధర్మరాజు రాజ్యం ఒడ్డాడు, తమ్ముళ్ళని ఒడ్డాడు, తనను ఒడ్డుకున్నాడు, చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. మనం ఆమె పరాభవం దగ్గర కన్నీళ్ళు పెట్టుకుని అక్కడే ఆగిపోతాం. తరువాత జరిగింది గుర్తు తెచ్చుకోండి. ధృతరాష్ట్రుడు పోయినదంతా తిరిగి ఇచ్చేశాడు. అంటే అప్పు పైసాతో సహా తీరిపోయిందన్నమాట! మరి ఆట ఆగిందా? మళ్ళీ రమ్మని కబురు రాగానే ధర్మరాజు వెనక్కి వచ్చి కూర్చున్నాడు. ఈసారి పన్నెండేళ్ళ అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం.

అంతటి ధర్మం తెలిసినవాడికి ఆ మాత్రం తెలియలేదా? తెలుసు. కాని తెలియడం వేరు, మానగలగడం వేరు. ఈ తేడాని గురించే మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా పరిశోధనలు చేస్తున్నారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో జూదపు వ్యసనాన్ని తన వ్యాధుల పట్టికలో చేర్చింది. 2013లో దాన్ని తాగుడు, మత్తుమందుల అలవాట్ల సరసనే పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని వ్యాధిగానే లెక్కిస్తోంది. అలాగని పండగకి ఒక పందెం కాసిన ప్రతివాడూ రోగి కాడు సుమండీ! చాలామంది ఆ మూడురోజులూ సరదా తీర్చుకుని కనుమ మర్నాడు పనిలోకి పోతారు. ఆగలేనివారి సంగతే మనం చెప్పుకుంటున్నది.

ఎందుకు ఆగలేరు? స్కిన్నర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు పావురాలమీద ప్రయోగాలు చేశాడు. ముక్కుతో ఒక మీట పొడిస్తే గింజలు పడతాయి. పొడిచిన ప్రతిసారీ గింజలు పడే పావురం, అవి పడడం మానేస్తే కొంతసేపటికే పొడవడం మానేస్తుంది. ఎప్పుడు పడతాయో తెలియకుండా ఒకసారి మూడు పొడుపులకి, ఇంకోసారి ముప్ఫై పొడుపులకి పడేలా అలవాటైన పావురం మాత్రం, గింజలు రాకపోయినా చాలాసేపు పొడుస్తూనే వుంటుంది. పందెం కూడా అంతే. ఎప్పుడూ ఓడిపోయేవాడు తొందరగానే మానేస్తాడు. అప్పుడప్పుడూ గెలిచేవాడే చిక్కుకుంటాడు.

రెండవది, 'కొద్దిలో తప్పింది' అనే భావం. "ఒక్క ముక్క పడివుంటే షో చెప్పేవాణ్ణి" అన్న మాట ఎన్నిసార్లు వినలేదు మనం? కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ల్యూక్ క్లార్క్, ఆయన తోటి పరిశోధకులు 2009లో ప్రకటించిన పరిశోధనలో, ఇలా కొద్దిలో ఓడినప్పుడు మెదడులో గెలిచినప్పుడు పనిచేసే భాగాలే కొన్ని పనిచేస్తున్నాయని కనిపెట్టారు. మనసుకి కష్టంగానే వుంటుంది, కాని మళ్ళీ ఆడాలనిపిస్తుంది. చేతిలో డబ్బు పోయింది, మెదడు మాత్రం దాదాపు గెలిచానన్నట్టు లెక్క వేసుకుంటుందన్నమాట.

మూడవది, 'నా చేతిలో వుంది' అనే భ్రమ. ఎలెన్ లాంగర్ అనే శాస్త్రజ్ఞురాలు 1975లో ఒక చిన్న ప్రయోగం చేసింది. ఒక డాలరు లాటరీ టిక్కెట్లు కొందరికి తానే ఇచ్చింది, కొందరిని స్వయంగా ఏరుకోమంది. తరువాత, తిరిగి అమ్ముతారా అని అడిగితే, ఇచ్చినది తీసుకున్నవారు సగటున రెండు డాలర్లకి కొద్దిగా తక్కువ అడిగారు. తాము ఏరుకున్నవారు ఎనిమిదిన్నర డాలర్లు దాటి అడిగారు! టిక్కెట్లు ఒక్కటే, అవకాశం ఒక్కటే. మనవైపు ఏ రోజున డేగ గెలుస్తుంది, ఏ జాములో కాకి గెలుస్తుంది అని కుక్కుటశాస్త్రం పుచ్చుకుని లెక్కలు వేసేవారు లేరూ? ఆ లెక్క వేసినకొద్దీ ధైర్యం పెరుగుతుంది, ధైర్యం పెరిగినకొద్దీ పందెం పెరుగుతుంది.

నాలుగవది, 'ఇన్నిసార్లు పోయింది గనక ఇప్పుడు రావాలి' అనుకోవడం. 1913లో మాంటెకార్లో జూదశాలలో చక్రం తిరిగి తిరిగి వరసగా 26 సార్లు నలుపుమీదే ఆగిందట. ఇంక ఎరుపు రాక తప్పదని పందేలు కాసినవాళ్ళు డబ్బంతా పోగొట్టుకున్నారు. చక్రానికి గాని, పేకముక్కకి గాని కిందటి ఆట గుర్తుంటుందా అండీ? పోయినది రాబట్టుకోవడానికి మళ్ళీ ఆడడమే ఈ వ్యాధికి పెద్ద గుర్తు.

ఇప్పుడు గాజుల సంగతికి వద్దాం. వైద్యులు రాసుకున్న తొమ్మిది లక్షణాలలో ఒకటి ఏమిటో తెలుసా? డబ్బుకి కటకటపడినప్పుడు ఇతరులు ఆదుకుంటారని ఆధారపడడం. ఆ ఇతరులు ఎవరు? చాలా ఇళ్ళలో మనమే. మనం గుట్టుగా అప్పు తీర్చినప్పుడు ఆయన మీదనుంచి భారం దిగిపోతుంది, ఆట మాత్రం అలాగే వుంటుంది. పైగా, మళ్ళీ మునిగితే పైకి లాగేవాళ్ళున్నారన్న ధీమా కూడా వస్తుంది.

మరి ఏం చెయ్యాలి? ముందుగా రెండు ప్రశ్నలు అడగండి. ఇంకా ఇంకా ఎక్కువ డబ్బు పెట్టి ఆడాలనిపిస్తోందా? ఎంత ఆడారన్నది ఇంట్లోవాళ్ళ దగ్గర దాచి అబద్ధం చెప్పవలసి వచ్చిందా? ఏ ఒక్కదానికి అవునన్నా వైద్యుడికి చూపించడం మంచిది. ఓడిపోయి వచ్చిన రాత్రి అడక్కండి. మనసు కుదుటపడిన వేళ, ఎత్తిపొడుపు లేకుండా అడగండి.

తరువాత, అప్పులన్నీ ఆయన చేతనే ఒక కాగితంమీద రాయించండి. ఇచ్చినవారితో వాయిదాలు మాట్లాడుకుని, ఆయన సంపాదనలోంచే తీర్చే ఏర్పాటు చూడండి. జీతం, పాస్‌పుస్తకం, ఫోనులో డబ్బు పంపే రహస్య సంఖ్య కొంతకాలం మీ దగ్గర వుండడానికి ఆయన్ని ఒప్పించండి. మీరు మాత్రం హామీ సంతకం పెట్టకండి. ఖాళీ ప్రోనోటుమీద అసలే పెట్టకండి.

వైద్యం వుందా అంటే, వుంది. 1957లో అమెరికాలో జూదరులే ఒకరికొకరు సాయంగా సంఘం పెట్టుకున్నారు. 1972లో ఒహాయో రాష్ట్రంలో రాబర్ట్ కస్టర్ అనే వైద్యుడు మాజీసైనికుల ఆసుపత్రిలో వీరికోసం ప్రత్యేకంగా చికిత్స మొదలుపెట్టారు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది మాటలతో చేసే చికిత్స. ఏ వేళ, ఎవరితో వున్నప్పుడు, ఏ దిగులులో ఆట మీదకి మనసు పోతోందో రోగి చేతనే రాయిస్తారు. ఇందాక చెప్పిన భ్రమల్ని ఒక్కొక్కటే విప్పి చూపిస్తారు. కోరిక పుట్టినప్పుడు ఆ కాసేపూ గట్టెక్కడం నేర్పుతారు. దిగులు, నిద్రలేమి, తాగుడు కలిసి వుంటే వాటికీ మందు ఇస్తారు. నాల్ట్రెక్సోన్ వంటి మందులు కొందరికి ఉపకరించాయి గాని, అవి వైద్యుడు చూసి ఇవ్వవలసినవే.

చట్టం లేకపోలేదు. మన రాష్ట్రంలో 1974 నుంచి జూద నిషేధ చట్టం వుంది. 2020లో ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని కూడా అందులో చేర్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అటువంటి చట్టం చేసింది. మంచిదే. కాని ఒక ఆట మూస్తే ఇంకో ఆట వెతుక్కునే మనసుకి వైద్యమూ కావాలి. అన్నట్టు, ఇది మగవారికే వచ్చే జబ్బు కాదు. మధ్యాహ్నం పేకాటతో, చేతిలోని ఫోనుతో మనమూ చిక్కుకోవచ్చు. మనకైనా వైద్యం ఇదే.

ఇంకొక్క మాట, ఇది ముఖ్యం. అప్పుల్లో మునిగినవారు "నేను లేకపోతే మీకు పీడ విరగడవుతుంది" అంటే బెదిరింపని కొట్టిపారెయ్యకండి. ఒంటరిగా వదలకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మానసిక సమస్యలకి ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీమానస్ ఫోను నంబరు 14416. ఖర్చు లేదు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. మీమీద చెయ్యి చేసుకునే పరిస్థితి వుంటే, ముందు మీరూ పిల్లలూ క్షేమంగా వుండే చోటికి వెళ్ళండి.

మా వీధి ఇల్లాలు ఆరోజు గాజులు తొడుక్కుని కోపంగానే వెళ్ళింది. నాలుగురోజులు పలకరించలేదు కూడా. తరువాత తానే వచ్చి అత్తగారికి చెప్పేశానంది. అత్తగారు తిట్టలేదట, "నాకు ముందే తెలుసమ్మా" అన్నదట. ముగ్గురూ కలిసి కాకినాడ వెళ్ళి మానసిక వైద్యుణ్ణి కలిశారు. నడుమ ఒకసారి ఆయన మళ్ళీ ఆడారు. కాని ఈసారి ఆ రాత్రే ఇంటికి వచ్చి తానే చెప్పారట. వైద్యుడు, "జారడం సహజం, దాచడమే ప్రమాదం" అన్నారట. ప్రోనోటు బాకీ ఇంకా వుంది. నెలనెలా ఆయన జీతంలోంచే కడుతున్నారు.

మొన్న కూరల బజారులో కనిపించింది. వంకాయలు ఏరుతుంటే చేతుల్లో గాజులు గలగలమన్నాయి.