బొమ్మల చదువంటే బొమ్మలేయడమేనా?

"ఎంపీసీలో అన్ని మార్కులొచ్చిన పిల్లని తీసుకెళ్లి బొమ్మల చదువులో పడేస్తారా?" మా అమ్మాయి గ్రాఫిక్ డిజైన్ చదువుతానన్నప్పుడు చుట్టాలందరూ అడిగిన మాట ఇదే. మావారైతే రెండు నెలలు ఆ ఊసే ఎత్తనివ్వలేదు. చివరికి బ్యాంకు లోను కాగితాల మీద సంతకం పెట్టారు గానీ, ముఖం మాడ్చుకునే! ఇప్పుడది మూడో ఏడు చదువుతోంది.

దాన్ని చూశాక నాకు తెలిసిందేమిటంటే, ఈ చదువులో గీయడం కన్నా చూడటం ఎక్కువ. నాలుగేళ్ల కోర్సులో మొదటి ఏడంతా పునాదే. గీత, రంగు, ఆకారం. కంప్యూటర్ ఆ తర్వాత. 'విజువల్ కల్చర్' అని ఒక పాఠం కూడా ఉంది. పేరు పెద్దదే గానీ సంగతి మనింటిదే. వాకిట్లో ముగ్గు, చేర్యాల నకాషీ బొమ్మ, సినిమా పోస్టరు, అగ్గిపెట్టె మీది చిత్రం... ఎవరి కోసం, ఎందుకలా వేశారు? ప్రకటనల్లో వంటింట్లో ఎప్పుడూ ఆడదే ఎందుకుంటుంది?

1958లో అమెరికా నుంచి వచ్చిన చార్లెస్, రే ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వానికిచ్చిన నివేదికలో మన చెంబుని ఎంతో మెచ్చుకున్నారు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది. "మనం రోజూ తోముతాం, ఒక్కసారైనా సరిగ్గా చూశామా అమ్మా?" అంది మా పిల్ల. తోమేది నేనైతే 'మనం' అంటుందేమిటి!

అక్షరాల పాఠం మరీ బాగుంటుంది. 'స్త్రీ' అని రాసి చూడండి. పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు. ఇంగ్లీషుకని కొలిచిన జాగాలో తెలుగుని ఇరికిస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్ని గుద్దుకుంటాయి. లేదంటే అక్షరం చీమంత అయిపోతుంది.

మా అత్తయ్యగారికి తెలుగు తప్ప రాదు. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు రెండూ వెండిరంగు అట్టలే, పేర్లు ఇంగ్లీషులో. ఓ రోజు షుగర్ మాత్ర రెండుసార్లు వేసుకుని కళ్లు తిరిగి పడిపోయారు. పంచదార నీళ్లు తాగించి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. రెండో ఏడు ప్రాజెక్టుకి మా అమ్మాయి దీన్నే తీసుకుంది. మాత్రల అట్టకి అంటించే చీటీలు చేసింది. పొద్దుటికి సగం సూర్యుడి బొమ్మ. నానమ్మ అటూ ఇటూ తిప్పి, "ఇది పొడిచేదా, కుంకేదా?" అన్నారు. పాపం, పిల్ల ముఖం చూడాలి! మళ్లీ గీసింది. సూర్యుడి బదులు కోడిపుంజు, రాత్రికి నెలవంక, మందు ఏ జబ్బుకో తెలుగులో పెద్ద అక్షరాలతో. వీధిలో మరో నలుగురు పెద్దవాళ్లకి చూపించి, వాళ్లు తడబడిన చోటల్లా దిద్దింది. ఆ చీటీల్ని అట్టలకి అంటించింది ఎవరనుకున్నారు? మావారే!

ఈ చదువుకి ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. ఐఐటీ బాంబే పెట్టే 'యూసీడ్' రాస్తే ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల బి.డిజైన్‌లో చేరొచ్చు. అహ్మదాబాద్ ఎన్ఐడీకి, మన అమరావతి ఎన్ఐడీకి ప్రవేశపరీక్ష వేరే. రెండో ఏడు దసరా రోజుల నుంచే నోటిఫికేషన్ల కోసం కనిపెట్టి ఉండాలి. ఫీజులు లక్షల్లోనే, ముందే లెక్కేసుకోండి. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ అప్లయిడ్ ఆర్ట్ కూడా ఉంది.

మా ఇంట్లో ఒక్క మధ్యాహ్నం చీటీయే ఇంకా తేలలేదు. అన్నం కంచం వేసింది పిల్ల. "అయితే ఏకాదశినాడు మాత్ర మానేయనా?" అంటున్నారు అత్తయ్యగారు.