ఉత్తర తెలంగాణ వరి సాగులో కాంతి తీవ్రత: దిగుబడి, గింజ నాణ్యతపై ప్రభావం

ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో కాకతీయ కాలువ కింద, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో సరస్వతి కాలువ, కడెం ప్రాజెక్టుల కింద ఒకే పొలంలో ఏటా రెండు వరి పంటలు పండుతున్నాయి. సాధారణంగా యాసంగిలో దిగుబడి ఎక్కువగానూ, మిల్లులో నిండు బియ్యం శాతం తక్కువగానూ ఉంటాయి. వానాకాలంలో ఇందుకు భిన్నమైన పరిస్థితి కనిపిస్తుంది. ఈ తేడాకు మూలం పైరుపై పడే కాంతిలోనూ, ఆ కాంతితో పాటు వచ్చే ఉష్ణోగ్రతలోనూ ఉన్నది.

కాంతి లభ్యత

కరీంనగర్ అక్షాంశం వద్ద ఆగస్టు నెలలో పగటి పొడవు ఫిబ్రవరి కంటే గంటకు పైగా ఎక్కువ. అయినప్పటికీ నైరుతి రుతుపవన మేఘాల వలన ఆగస్టులో పైరుకు చేరే కాంతి తగ్గుతుంది. నిర్మలమైన ఆకాశంలో మధ్యాహ్నవేళ కిరణజన్య సంయోగక్రియకు ఉపయోగపడే కాంతి చదరపు మీటరుకు సెకనుకు సుమారు 2000 మైక్రోమోల్‌ల వరకు ఉంటుంది. దట్టంగా మబ్బు పట్టినప్పుడు ఇందులో ఐదవ వంతు కూడా అందకపోవచ్చు.

విడి ఆకు పూర్తి ఎండలో సుమారు సగం కాంతికే సంతృప్తి చెందుతుంది. కానీ పైరులో పై ఆకులు కింది ఆకులకు నీడనిస్తాయి కనుక, పైరు మొత్తానికి ఎంత కాంతి లభిస్తే అంత మేలు. ఆకు వైశాల్య సూచిక 5, కాంతి క్షీణత గుణకం 0.5 అయిన పైరులో పైన పడిన కాంతిలో 8 శాతం నేలమట్టానికి చేరుతుంది. సూచిక 7కు పెరిగితే అది 3 శాతానికి పడిపోతుంది. మబ్బు రోజున పైన 400 మైక్రోమోల్‌లు మాత్రమే ఉంటే, అడుగు ఆకులకు అందేది 12 మాత్రమే. ఈ స్థితిలో అడుగు ఆకుల సంపాదన వాటి శ్వాసక్రియ ఖర్చుకు కూడా సరిపోదు.

కీలక దశలు

అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో జరిపిన నీడ ప్రయోగాల ఫలితాలను యోషిడా, పరావో 1976లో ప్రచురించారు. అంకురం ఏర్పడినది మొదలు పూత వరకు గల దశలో కాంతి కొరత దిగుబడిని అత్యధికంగా తగ్గిస్తుందని, తరువాతి స్థానం గింజ నిండే దశదని, శాకీయ దశలో ప్రభావం స్వల్పమని అవి తెలిపాయి. మొదటి దశలో కొరత ఏర్పడితే వెన్నుకు గింజల సంఖ్య తగ్గుతుంది. రెండవ దశలో ఏర్పడితే తాలు పెరిగి, గింజ బరువు తగ్గుతుంది.

జూన్ మధ్యలో నారు పోసిన 120 రోజుల రకం ఆగస్టు మధ్యలో అంకురం దశకు, సెప్టెంబరు మధ్యలో పూతకు చేరుతుంది. అంటే కీలకమైన నెల రోజులు మబ్బుల్లోనే గడుస్తాయి. సాంబ మషూరి వంటి దీర్ఘకాలిక రకాలకు గింజ నిండే కాలం అక్టోబరు, నవంబరు నెలల నిర్మలాకాశంలో వస్తుంది. అయితే కోత ఆలస్యమవడంతో యాసంగి నాట్లు వెనుకబడతాయి.

నాణ్యత

యాసంగిలో సమృద్ధిగా లభించే కాంతి గింజల సంఖ్యను, బరువును పెంచుతుంది. కానీ డిసెంబరు చివర నారు పోసిన పైరు ఏప్రిల్‌లో పూతకు వచ్చి, 40 డిగ్రీల సెల్సియస్ దాటే ఎండల్లో గింజ కడుతుంది. పూత సమయంలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మించితే పరాగసంపర్కం దెబ్బతిని తాలు ఏర్పడుతుంది. గింజ నిండే దశలో వేడి, ముఖ్యంగా రాత్రి వేడి, పిండి రేణువుల అమరికను వదులుచేసి గింజలో సుద్దవంటి తెల్లని మచ్చను కలిగిస్తుంది. బాగా ఎండిన గింజ తిరిగి తేమ పీల్చుకున్నప్పుడు పగుళ్లు ఏర్పడతాయి. ఇటువంటి ధాన్యాన్ని పచ్చిబియ్యంగా ఆడిస్తే నూక అధికమవుతుంది. ఉడకబెట్టి ఆరబెట్టినపుడు పిండిపదార్థం జిగురుగా మారి పగుళ్లను అతికిస్తుంది కనుక యాసంగి ధాన్యం ఎక్కువగా ఉప్పుడు బియ్యానికి వెళ్లింది. 2021-22లో ఉప్పుడు బియ్యం సేకరణపై కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య వివాదం తలెత్తినప్పుడు ఈ శరీరధర్మ విషయమే రైతు అమ్మకానికి సమస్యగా పరిణమించింది.

యాజమాన్యం

వానాకాలంలో లభించిన కాంతిని పైరు అడుగు వరకు చేర్చడం ప్రధానం. చదరపు మీటరుకు 33 కుదుళ్లు ఉండేలా నాటి, ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటను తూర్పు పడమరలుగా తీయాలి. మబ్బు రోజుల్లో పైరు పచ్చదనం కోసం అదనంగా యూరియా వేయడం తగదు. దానివలన ఆకులు మెత్తబడి వాలి, పరస్పర నీడ పెరుగుతుంది. సుడిదోమ, అగ్గితెగులు, పైరు పడిపోవడం అధికమవుతాయి. నత్రజనిని సిఫారసు మేరకు మూడు దఫాలుగానే వేయాలి.

యాసంగిలో కాంతికి కొరత లేదు కనుక చదరపు మీటరుకు 44 కుదుళ్లు నాటవచ్చు, నత్రజని మోతాదూ వానాకాలం కంటే ఎక్కువే ఉండవచ్చు. ఇక్కడ నిర్ణాయకమైనది తేదీ. నవంబరు మూడవ వారంలో నారు పోస్తే, చలి వలన కొంత ఆలస్యమైనా, పైరు మార్చి తొలి వారాల్లో పూతకు వచ్చి ఏప్రిల్ ఆరంభంలో కోతకు సిద్ధమవుతుంది. కాంతి పుష్కలంగా లభిస్తుంది, తీవ్రమైన వేడి, వడగళ్ల ముప్పు తగ్గుతాయి. ఆదిలాబాద్ ప్రాంతంలో చలి అధికం కనుక నారుమడిపై రాత్రివేళ పట్టా కప్పడం, చల్లని నీటిని ఉదయం తీసివేసి కొత్త నీరు పెట్టడం, జింకు లోపాన్ని సవరించడం అవసరం. గింజలో తేమ 20 నుండి 22 శాతం ఉన్నప్పుడే కోస్తే పగుళ్లు తగ్గుతాయి.

నవంబరులో నారు పోయాలంటే వానాకాలం పొలం సకాలంలో ఖాళీ కావాలి. కూనారం పరిశోధన స్థానం రూపొందించిన కె.ఎన్.ఎం. 118, జగిత్యాల ప్రాంతీయ పరిశోధన స్థానపు జె.జి.ఎల్. 24423 వంటి స్వల్పకాలిక రకాలు ఇందుకు అనుకూలం. వానాకాలంలో అవి కొంత కాంతిని కోల్పోయినా, ఆ నష్టాన్ని యాసంగిలో మేలైన గింజతో పూరించుకోవచ్చు. కనుక విస్తరణ శాస్త్రవేత్తలు రకాన్ని సూచించేటప్పుడు ఒక పంటను కాక రెండు పంటల క్యాలెండరును రైతు ముందుంచడం సముచితం.